పాత ప్రింటర్ దగ్గరికే

బుధవారం కూడా కాగితాలు పాత ప్రింటర్లోనే వచ్చాయి.

టెక్నీషియన్‌కు తలప్రాణం తోకకొచ్చింది. చూస్తే చిన్న పనే. నాలుగో అంతస్తులో ఇరవై మూడు కంప్యూటర్లు. ఇన్నాళ్లూ అందరికీ కలిపి ఒకటే ప్రింటర్, హాలు చివర కిటికీ పక్కన ఉండేది. ఇప్పుడు లిఫ్టు దగ్గర కొత్తది పెట్టారు. సర్వర్ నుంచి అన్ని కంప్యూటర్లకూ దాని సెట్టింగు పంపించి, ఇకమీదట అందరి కాగితాలూ అందులోనే వచ్చేలా చూడాలి. సోమవారం సాయంత్రానికే ఆ పని అయిపోయింది. ప్రతి సీటు దగ్గరా ఒక్కో పేజీ తీసి చూసుకున్నాడు కూడా.

మంగళవారం పదిన్నరకల్లా వ్యవహారం మొదటికొచ్చింది.

"నా కాగితం మళ్లీ ఆ మూలకే పోయిందండీ," అంది డిజైన్ సెక్షన్ ఆవిడ, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీస్తూ.

"నాదీ అంతే. చచ్చినట్టు అంతదూరం నడవాలి," అంటూ పక్క సీటు పొడుగాయన లేచాడు.

టెక్నీషియన్ కంప్యూటర్లలో ప్రింటర్ డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశాడు. సర్వర్‌లో సెట్టింగులు మూడుసార్లు సరిచూశాడు. పూటకు రెండుసార్లు కొత్త ప్రింటర్ సెట్టింగుని మళ్లీ పంపించాడు. పంపిన గంటసేపు బాగానే ఉండేది. ఆ తర్వాత ముందు ఒకటి, కాసేపటికి మూడు, ఆపైన తొమ్మిది సీట్లు పాతదానికే తిరిగిపోయేవి.

ఆ హాల్లో మాట వినబడటమే తక్కువ. ఎవరి అద్దాల గూట్లో వాళ్లు. వెనక సీటువాడితో పనిబడితే వెనక్కి తిరగరు, మెసేజ్ పెడతారు. టెక్నీషియన్‌కి ఇది అలవాటే. రోజుకో ఆఫీసు తిరిగే మనిషి. ప్రింటర్ బాగయిందా అని అడుగుతారుగానీ, నువ్వెలా ఉన్నావని ఎవరూ అడగరు. సాయంత్రం గదికి వెళితే ఆ ప్రింటర్ మాటయినా అడిగే దిక్కు లేదు.

పాత ప్రింటర్ పక్క సీటు కాగితాలక్కది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వచ్చిన కాగితాల అంచులు సరిచేసి, పిన్ను కొట్టి, ఎవరివి వాళ్లకు అందించడం ఆమె ఉద్యోగం. అందిస్తూ ఓ మాట అడుగుతుంది. "పాపకి జ్వరం తగ్గిందా?" "ఇల్లు దొరికిందా?" మొదటిరోజే టెక్నీషియన్‌ని చూసి, "తిన్నావా తమ్ముడూ?" అంది. ఆ మాట విని ఎన్నాళ్లయిందో అతనికి లెక్క తెలియలేదు.

పాత ప్రింటర్ తీసేస్తే ఆమె బేస్‌మెంట్లో రికార్డు గదికి పోవాలి. ఆర్డరు వచ్చేసింది. తేదీ ఒక్కటే వేయలేదు.

"అక్కడ ఇదివరకు పనిచేసినాయన గోడతో మాట్లాడేవాడట," అందామె. నవ్వుతూనే అంది. "పధ్నాలుగేళ్లు మనుషుల మధ్య కూర్చున్నాను తమ్ముడూ. నాకు భయంగా ఉంది."

పాత ప్రింటర్ తగిలించి ఉన్నది ఆమె కంప్యూటర్‌కే, మిగతా అందరికీ దాని కనెక్షన్ అక్కడి నుంచే. అంతస్తు మొత్తమ్మీద ఫిర్యాదు చేయనిది కూడా ఆమె ఒక్కతే. టెక్నీషియన్‌కి విషయం అర్థమైపోయింది. అర్థమైనందుకు బాధేసింది.

మేనేజరుకు ముక్కుమీదే కోపం. ఆయన కాగితాలూ ఆ మూలకే పోతున్నాయి. గదిలోంచి విసవిసా వచ్చి, ఒక్క పేజీ కోసం అక్క ఎదుటి కుర్చీలో కూర్చుని, ఆఫీసునీ కంప్యూటర్లనీ పావుగంట తిట్టి మరీ లేచేవాడు.

"పాతదాన్ని పీకేస్తే సరిపోతుంది కదా సార్," అన్నాడు టెక్నీషియన్.

"కొత్తది వరసగా మూడు రోజులు నికరంగా పనిచేశాక పీకు. రేపు అందులో కాగితం ఇరుక్కుంటే నీ మొహం చూసుకోవాలా మేము?"

గురువారం హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. ఇది మెషీన్ తప్పు కాదు, మనిషి పని; రేపటికల్లా పేరు రాసి పంపమన్నారు. పేరు తేలితే ఆ మనిషి బేస్‌మెంట్‌కి కాదు, ఏకంగా ఇంటికే.

ఆ సాయంత్రం అతను అక్క దగ్గరికి వెళ్లాడు. "అక్కా, ఏమీ అనుకోకండి. మీరేమైనా మారుస్తున్నారా?"

ఆమె చేతిలోని కాగితాలకు పిన్ను కొట్టి పక్కన పెట్టింది. "దాన్ని ఆన్ చేయడం, ఆఫ్ చేయడం తప్ప నాకేం తెలుసు? తెలిసుంటే మాత్రం చేసేదాన్నే తమ్ముడూ. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

అతను నమ్మలేదు. నమ్మాలని మాత్రం చాలా ఉంది.

ఏ కంప్యూటర్లో ఎవరు ప్రింటర్ మార్చినా పేరూ టైమూ సర్వర్‌లో రికార్డయ్యేలా మంగళవారమే పెట్టాడు. తెరిచి చూడటానికే మనసొప్పలేదు. ఇక తప్పదు. శుక్రవారం మధ్యాహ్నం సర్వర్ గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, ఆమె పేరు కనబడకూడదని కోరుకుంటూ ఆ రికార్డు తెరిచాడు.

అక్క పేరు ఎక్కడా లేదు. పాత ప్రింటర్‌ని మళ్లీ మళ్లీ ఎంచుకున్నవాళ్లు మిగతా ఇరవై ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు, ఎవరి సీట్లో వాళ్లు కూర్చుని, అందరికంటే ఎక్కువగా పదకొండుసార్లు మేనేజరు.