నాలుగు వందల తలుపులు

అల్వీనా మొగుడి చొక్కాలు సంచీలో కుక్కుతోంది. ఆ మొగుడు రైన్‌హోల్డ్, జర్మనీలోని కెమ్నిట్స్ ఊరి వడ్రంగుల సంఘం కార్యదర్శి, సభ్యుల పేర్లూ చిరునామాలూ ఉన్న చీటీలను పొయ్యిలో వేస్తున్నాడు.

“రేపు మేడేకి నాజీ జెండా వెనక నడవాలట. బెర్లిన్‌లో మన సంఘాల పెద్దలే రాశారు. నడిస్తే సంఘాన్ని బతకనిస్తారట!”

“వాళ్లని నడవనీ. నువ్వు చెక్ సరిహద్దు దాటు” అంది అల్వీనా.

“ఎలాగూ మన మీద పడతారు. నేను కనబడకపోతే మిగతావాళ్లని కుళ్లబొడుస్తారు. ఎల్లుండి ఆఫీసులో నా కుర్చీలోనే ఉంటాను.”

“మరి ఈ సంచీ ఎవరికి, మీ తాతకా?”

రైన్‌హోల్డ్ తన చొక్కాలు తీసేసి, ఆమె ఉన్నికోటు అందులో పెట్టాడు.

“పదేళ్లుగా ప్రతి శుక్రవారం సంఘం పత్రిక ఇంటింటికీ వేసింది నువ్వే కదా. చీటీలు కాలిపోయాయి. ఆ నాలుగు వందల తలుపులూ ఇక మనిద్దరి బుర్రల్లోనే ఉన్నాయి.”

“కొడితే చెప్పేస్తాననా?”

“నువ్వు చెప్పవు. నా ముందు నిన్ను కొడితే నేను చెప్పేస్తాను.”

అల్వీనా అతని చొక్కాలు మడిచి పక్కన పెట్టింది. తర్వాత సంచీ తాడు తనే బిగించింది.

“నేను దాటాక నోరు విప్పావో, నీ సంగతి నేను చూస్తాను.”

ఆ నాలుగు వందల్లో ఒక్క పేరూ బయటికి రాలేదు. 1933 మే రెండున నాజీలు దేశమంతటా కార్మిక సంఘాల ఆఫీసుల మీద పడ్డారు. ఆ రోజు ఆఫీసుకు వెళ్లిన రైన్‌హోల్డ్ తిరిగి రాలేదు.