రెండు శాతం తేడాతో

పవన్ ఎనభై ఒక్క రోజులుగా ఖాళీగా ఉన్నాడు. చదువు అయ్యాక తొంభై రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే అమెరికా విడిచి వెళ్ళాలి. అంటే ఇంకా తొమ్మిది రోజులు.

ఆ సోమవారం, ఉద్యోగాలు ఇప్పించే వీరభద్రం కన్సల్టెన్సీలో అతని చేతికి ఒక రెజ్యూమె వచ్చింది. పైన పేరు పవన్‌దే. కింద ఉన్నదేదీ పవన్‌ది కాదు. జర్మనీలో ఏడేళ్ళ అనుభవం అని రాసి ఉంది. జర్మనీ గురించి పవన్‌కి తెలిసిందల్లా విమానం మారేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో తాగిన చేదు కాఫీ.

పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒక పిజ్జా కొట్టు పైన ఉంటుంది ఆ ఆఫీసు. దాని యజమాని వీరభద్రానికి యాభై దాటాయి. పద్ధతైన మనిషి. అబద్ధం చెప్పినా మెడ దాకా బొత్తాలు పెట్టుకునే చెబుతాడు.

"సర్, నాలుగో లైన్‌లో 'ఓటర్లు' అని ఉంది," అన్నాడు పవన్. "సాఫ్ట్‌వేర్‌కి ఓటర్లేంది సర్?"

వీరభద్రం కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ఆ ఒక్కటీ మార్చడం మర్చిపోయాం. యూజర్లు అని కొట్టుకో."

మెల్లగా అసలు సంగతి బయటపడింది. పవన్ నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ పుట్టింది జర్మనీలో. జర్మనీ అనుభవం అంటే ఇక్కడి క్లయింట్లు కళ్ళకద్దుకుంటారు. అది ఎలా ఉంటుందో వీరభద్రానికి తెలియదు. అందుకని ఇంటర్నెట్‌లో ఒక జర్మన్ రాష్ట్ర ముఖ్యమంత్రి జీవిత చరిత్ర పట్టుకున్నాడు. ఉల్రిక్ వెండెల్‌బర్గ్ అని ఒక పెద్దమనిషి. 'ప్రభుత్వం' ఉన్నచోటల్లా 'సిస్టమ్' అని మార్చాడు. మూడు పార్టీల సంకీర్ణం 'త్రీ మాడ్యూల్ ఇంటిగ్రేషన్' అయింది. ప్రమాణ స్వీకారం 'గో-లైవ్' అయింది. ఎమ్మెల్యేలు ఫిరాయిస్తే అది 'డేటా మైగ్రేషన్'. సంవత్సరాలు మాత్రం అభ్యర్థిని బట్టి జరుపుతుంటాడు.

"మరి చివర్లో, సిస్టమ్ రెండు శాతం తేడాతో డౌన్ అయిందని ఉంది?"

"ఎన్నికల్లో ఓడిపోయాడు, పాపం," అన్నాడు వీరభద్రం, సొంత బావమరిది సంగతి చెబుతున్నట్టు.

"నాకు ఇరవై నాలుగేళ్ళు సర్. పదిహేడో ఏట జర్మనీల జాబ్ చేసిన అంటే నమ్ముతరా?"

"ఫోన్ ఇంటర్వ్యూలో వయసు కనపడదు బాబూ. ఎందుకైనా మంచిది, గడ్డం పెంచు."

ఆ ఆఫీసు మొత్తానికి ఏకైక ఉద్యోగి రేణు. ఆవిడ ధైర్యం చెప్పింది. "అది లక్కీ ఫైల్ పవన్. దాంతో వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇటు రాలేదు."

ఆ మాటకు రెండర్థాలున్నాయని పవన్‌కి తోచింది.

ఫోన్ ఇంటర్వ్యూ శుక్రవారం. మూడు రోజులు బట్టీ పట్టాడు. వెండెల్‌బర్గ్ ఊరి కౌన్సిల్‌లో గెలిచిన ఏడు, అటవీ మంత్రి అయిన ఏడు, ముఖ్యమంత్రి అయిన ఏడు. కన్సల్టెన్సీ వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో గిన్నెలు తోముతూ ఫిరాయించిన ఎమ్మెల్యేలను లెక్కపెట్టుకునేవాడు. గురువారానికి ఆ పెద్దమనిషి మీద అభిమానం కూడా పుట్టుకొచ్చింది. అంత కష్టపడ్డవాణ్ణి ఓడించడానికి ఆ జనానికి చేతులెలా వచ్చాయో అని బాధపడ్డాడు.

శుక్రవారం పొద్దున రేణు ఫోన్ చేసింది. "ఇంటర్వ్యూ చేసే మేనేజర్ పేరు వాళ్ళ సెక్రటరీ ఇప్పుడే చెప్పింది. ష్రేడర్ అట."

"ష్రేడరా? జర్మనా?"

"వింటే అలానే ఉంది. ఆల్ ది బెస్ట్."

రేణు పెట్టేసింది. ఆ వెంటనే ఫోన్ మళ్ళీ మోగింది.

ష్రేడర్ ముక్కుతో పలికే అమెరికన్ ఇంగ్లీషులో మాట్లాడాడు. మొదట పావుగంట సాఫ్ట్‌వేర్ ప్రశ్నలు. అవి పవన్ చదువుకున్నవే, తడుముకోకుండా చెప్పాడు. తర్వాత ష్రేడర్ కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"ఇక జర్మనీ సంగతి చెప్పండి. మూడు మాడ్యూల్స్‌నీ ఎలా కలిపి ఉంచారు?"

"మూడింటి మాటా విన్నాను. చివరికి పెద్దదాని మాటే నడిపించాను."

అవతల చిన్న దగ్గు. "మైగ్రేషన్‌లో ఎంతమంది... అదే, ఎన్ని రికార్డులు వెళ్ళిపోయాయి?"

"నాలుగు. ఒకటి మళ్ళీ వెనక్కి వచ్చింది."

"అవును, వచ్చింది," అన్నాడు ష్రేడర్.

పవన్‌కి అర్థమైపోయింది. సందేహం లేదు, జర్మన్‌వాడే. అంతా పేపర్లో చదివే ఉంటాడు. వెండెల్‌బర్గ్‌కి ఓటు కూడా వేసి ఉంటాడు.

"చివర్లో ఎంత తేడాతో డౌన్ అయింది?"

"రెండు శాతం."

"కచ్చితంగా రెండేనా?"

మాట మారిస్తే దొరికిపోతాడు. మార్చకపోయినా దొరికిపోయేట్టే ఉన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"రెండే సర్," అన్నాడు పవన్. ఏడుపొక్కటే తక్కువ.

అవతల కాగితాలు మడిచి పక్కన పెట్టిన చప్పుడు.

"ఓకే. సోమవారం వచ్చి జాయిన్ అవ్వండి."

సోమవారం ఎనభై ఎనిమిదో రోజు. వారం గడ్డం అక్కడొకటి ఇక్కడొకటి మొలిచింది. పవన్ అద్దంలో ఎంత చూసుకున్నా పదిహేడో ఏట జర్మనీ వెళ్ళినవాడిలా లేడు. అలాగే ఆఫీసుకి వెళ్ళాడు. అమెరికన్ సెక్రటరీ నవ్వుతూ లేచి, "ష్రేడర్ మీకోసమే చూస్తున్నాడు," అని ఇంగ్లీషులో చెప్పి మూల గది చూపించింది.

గది తలుపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'శ్రీధర్' అని ఉంది.

లోపల ముప్పై అయిదేళ్ళ మనిషి, నుదుట చిన్న కుంకుమ బొట్టు. లేచి వచ్చి తలుపు మూశాడు. పవన్ గడ్డం కేసి జాలిగా చూశాడు.

"రెండు శాతం కాదు తమ్ముడూ, ఒకటి పాయింట్ ఎనిమిది," అన్నాడు అచ్చ తెలుగులో, "ఎనిమిదేళ్ళ కిందట వీరభద్రం గారి ఫైల్లో ఆ ఎన్నికల్లో ఓడిపోయింది నేనే."