వెనక్కి తిరగని పుంజుపిల్ల

కంచె తీగ గీరుకుని బుడ్డి అనే పెట్టపిల్ల వీపు మీద ఈకలు ఊడిపోయి, ఎర్రటి చుక్క బయటికొచ్చింది. తోడబుట్టినవాళ్ళు అది చూశారు. ఒకడొచ్చి పొడిచాడు. ఇంకోడు పొడిచాడు. ఇంతలో అందరూ మీద పడ్డారు.

"ఒరేయ్, నేన్రా! మీ బుడ్డిని!" అని అరిచింది పాపం.

ఆ కేకకి దాని అన్న, తెల్లోడనే పుంజుపిల్ల, ఉలిక్కిపడ్డాడు. చూస్తే తన ముక్కుకీ రక్తమే! ఎప్పుడు పొడిచాడో వాడికే తెలీదు. పైగా రుచిగా ఉంది.

ముక్కుని మట్టిలో రుద్దాడు, మళ్ళీ రుద్దాడు. రుచి పోలేదు. తల్లి దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, నాకింకా కావాలనిపిస్తోందే!"

తల్లికోడి, "ఆ ఎరుపు చూస్తే ఏ కోడికైనా అంతేరా. నువ్వు చూడకు," అంది.

తెల్లోడు వెనక్కెళ్ళి అందర్నీ తన్ని తరిమాడు. బుడ్డిని గోడ మూలకి తోసి, దానికి వీపు పెట్టి అడ్డంగా నిలబడ్డాడు.

"రక్తం తాగినోడివి, నువ్వారా కాపలా!" అని తమ్ముళ్ళు ఎకసెక్కాలాడారు. వాడు కదల్లేదు.

"అన్నా, నువ్వంటే కూడా నాకు భయంగానే ఉంది," అంది బుడ్డి వెనకనించి.

"ఉండాలి మరి. పుండు మానేదాకా నా తోక మీదే కన్నేసుంచు. నేను గనక ఇటు తిరిగితే గట్టిగా అరువు, అమ్మొస్తది."