ఇరవయ్యో వంతు తలుపు

"తలుపేదే?" గోడ మీద, బొమ్మలతో లెక్కలు చూపే పటచిత్రం చూసి హెడ్మాస్టరు గద్దించాడు. ఇంకో గంటలో తనిఖీ అధికారి వస్తున్నాడు.

పై వరుసలో ఆరుగురు ఆడపిల్లల బొమ్మలున్నాయి. కింద 'మరుగుదొడ్లు' అన్నచోట గోరంత గడియ ఒక్కటే ఉంది.

"ఒక్కో బొమ్మ ఇరవైకి లెక్క అని మీరే అన్నారు కద సార్," అంది ఐదో తరగతి పిల్ల. "మేం నూటిరవై మందిమి, ఆరు బొమ్మలేశాను. బాత్రూమేమో ఒక్కటే. తలుపులో ఇరవయ్యో వంతే గియ్యాలి. గడియ వరకే వచ్చింది."

"బాత్రూముకి వేరే లెక్క పెట్టుకుని నిండు తలుపు గియ్యి!"

"ఒక పటానికి ఒకటే లెక్కని టీచర్ చెప్పారు సార్."

హెడ్మాస్టరు టీచరు వైపు తిరిగాడు. "చెరిపెయ్యమనండి మేడం."

టీచరు పటం దగ్గరికి వచ్చింది. నిండు తలుపు గీయించమని నిన్న ఆయనంటే తలూపింది తనే. పిల్ల రబ్బరు తియ్యకుండా ఆమెనే చూస్తోంది. బెంచీ మీద ఆ పిల్ల నీళ్ళ సీసా పొద్దున తెచ్చింది తెచ్చినట్టే ఉంది. రోజూ అంతే. ఎందుకు తాగదో ఇన్నాళ్ళూ తను అడగనే లేదు.

టీచరు నల్ల స్కెచ్ పెన్ను తీసి, పెన్సిలు గడియ మీద లావుగా దిద్దింది.

"ఇదేం పని మేడం?"

"అసలు గడియ ఊడిపోయి నెలైంది సార్. దీన్నైనా గట్టిగా ఉండనివ్వండి."