పగలని గుడ్డు

"క్యూ తోక అటుంది తమ్ముడూ!"

స్పాస్ తలుపంత మనిషి. అడ్డం నిలబడేసరికి రుమెన్ ఆగిపోక తప్పలేదు.

స్కీ సీజనుకి అదే ఆఖరి రోజు, పైగా ఈస్టరు. కొండ పైసగంలో మంచు బాగానే ఉంది, కింది సగమంతా బురద. అందుకే పొద్దుట్నుంచీ ఒళ్ళు మరిచి జారినవాళ్ళంతా ఇప్పుడు కిందికి దిగడానికి ఒక్క కేబుల్ కారు ముందు బారులు తీరారు. అందులో పట్టేది నలభై మంది. అది వచ్చేది అరగంటకోసారి. క్యూలో ఉన్నది మూడొందల పైమాటే.

"అన్నా, అయిదు గంటల బస్సుకి మా పాప వాళ్ళమ్మతో వార్నా పట్నం వెళ్ళిపోతోంది. బస్సు దగ్గరికి వస్తానని మాటిచ్చాను. నాలుగున్నర ట్రిప్పు తప్పితే మళ్ళీ వేసవిదాకా దాన్ని చూడలేను."

"మా ఇంట్లో పొయ్యి మీద గొర్రెపిల్ల ఉడుకుతోంది. నాకు మాత్రం తొందర లేదా?" అన్నాడు స్పాస్. "అంత ముందుకెళ్ళాలనుంటే గుడ్డు కొట్టి వెళ్ళు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పండగ పూట ఆ కొండ మీద జేబులో ఉడకబెట్టి ఎర్రరంగేసిన గుడ్డు లేని మనిషి ఉండడు. ఎదురుపడితే గుడ్డుతో గుడ్డు కొట్టాలి. పగలని గుడ్డు ఎవరిదైతే ఏడాది పొడుగునా అదృష్టం వాళ్ళది. ఎవరైనా గుడ్డు చాపితే కాదనడం మర్యాద కాదు.

రుమెన్ జేబులోనూ ఒక గుడ్డుంది. కూతురు రాలిత్సా కోసం వారం రోజులు కూర్చుని గట్టి కర్రతో చెక్కాడు. ఎర్రరంగు పూసి, నూనె రాసి మెరుగుపెట్టాడు. చూస్తే అచ్చం కోడిగుడ్డే.

స్కీలు అద్దెకిచ్చే కొట్లో పదేళ్ళుగా పనిచేస్తూ ఒక్క చేతితొడుగైనా ఇంటికి పట్టుకుపోని మనిషి అతను. ఇప్పుడు జేబులో చెయ్యి పెట్టగానే చెవులు వేడెక్కాయి. గడియారం చూస్తే నాలుగూ పది.

"సరే. గెలిస్తే మీ గుంపుని దాటి వెళ్తాను. ఓడితే తోక చివరికి పోతాను."

పిడికిట్లోంచి గుడ్డు కొన మాత్రమే బయటపెట్టాడు. "క్రీస్తు లేచాడు!"

"నిజంగా లేచాడు. కదలనిది ఈ క్యూ ఒక్కటే!"

టక్. స్పాస్ గుడ్డు చితికింది.

"ఓరి నీ! కోడికి ఏం మేపావయ్యా?"

"మేకులు మేపుంటాడు!" వెనకనుంచి ఎవరో అరిచారు.

అంతే, విసిగి నిలబడ్డ జనానికి కాలక్షేపం దొరికింది. గుంపుకొకరు చొప్పున గుడ్డు పట్టుకుని ముందుకొచ్చారు. కాలేజీ కుర్రాళ్ళు ఓడిపోయి చప్పట్లు కొట్టారు. ఒక పళ్ళ డాక్టరు ఓడిపోయి, అవతలి కొనతో మళ్ళీ కొడదామన్నాడు. మళ్ళీ ఓడాడు. ఒకావిడ పగిలిన గుడ్డు చూపించి, "నా మంచి గుడ్డు ఇందాకే పోయింది. వెళ్ళు నాయనా, వెళ్ళు," అంది. క్యూ పొడుగునా మంచు మీద ఎర్ర పెంకులే. గెలిచిన ప్రతిసారీ రుమెన్ సిగ్గుతో తల దించుకుంటుంటే, జనం అది వినయం అనుకుని ఇంకా మెచ్చుకున్నారు.

అతను ముందుకి చేరేసరికి కేబుల్ కారు వచ్చి నిలబడింది. దాన్ని నడిపే కోల్యో తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతున్నాడు.

"ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది... ఇంకొక్కరే!"

ఆ ఒక్కరు దోనా అవ్వ. కొండ మీద ఊలు మేజోళ్ళు అమ్ముకునే ముసలామె. తలకి గళ్ళ రుమాలు, చంకలో సంచి.

ఇక్కడ మాత్రం రుమెన్‌కి చెయ్యి రాలేదు. అవ్వని మోసం చెయ్యలేక నోరు తెరిచి అడిగాడు. "అవ్వా, నీ చోటు నాకిస్తావా? మా పాప వెళ్ళిపోతోంది."

"నాకూ ఉందయ్యా మనవరాలు. కింద నా కోసమే ఎదురుచూస్తోంది. పండగ పూట బతిమాలుకోవడం దేనికి? తియ్యి గుడ్డు."

గత్యంతరం లేక తీశాడు. అవ్వ తన గుడ్డుని రుమాలు కొంగులో చుట్టి పట్టుకుంది. టక్. ఏమీ కాలేదు. అవతలి కొన తిప్పారు. టక్. ఏమీ కాలేదు. మూడోసారి రుమెన్ కళ్ళు మూసుకుని కొట్టాడు. రెండు గుడ్లూ చెక్కుచెదరలేదు.

జనం ఈలలు వేశారు. కోల్యో గడియారం చూసుకున్నాడు.

"ఇద్దరూ గెలిచినట్టే! ఎక్కండి, ఎక్కండి! అవ్వ బరువెంతని, పిట్టంత మనిషి!"

తలుపు మూసుకుంది. కారు మెల్లగా కిందికి కదిలింది. జనం మధ్య ఇరుక్కుని రుమెన్, అతని మోచేతి కింద అవ్వ. ఇక బస్సు అందుతుంది. పాప చేతిలో గుడ్డు పెట్టొచ్చు. కానీ మనసు కుదుటపడలేదు.

"మంచి గుడ్డు నీది," అంది అవ్వ. "ఏడాదంతా నీకు మేలే జరుగుతుంది."

ఆ మాటతో అతను తట్టుకోలేకపోయాడు. వంగి ఆమె చెవిలో గొణిగాడు. "క్షమించు అవ్వా. నాది కర్రగుడ్డు."

అవ్వ కోప్పడలేదు. అటూ ఇటూ చూసి, సంచిలోంచి తన గుడ్డు తీసి పక్కనున్న ఇనప కడ్డీ మీద గట్టిగా రెండుసార్లు కొట్టింది. టక్, టక్. గుడ్డు మీద గీతైనా పడలేదు.

"మెల్లగా మాట్లాడు నాయనా. ముప్పావుగంట కిందట నేనూ తోక చివరే నిలబడ్డాను."