నీళ్లు తాగకూడని తీగ

"దానికి నీళ్లు పోశావా?"

అత్తగారు థెమెలీనా కోడల్ని గుమ్మంలోనే నిలేసింది. చర్చి నుంచి తొందరగా వచ్చేసింది. నేలమాళిగ మెట్లెక్కి వస్తున్న అర్గిరో ఖాళీ కూజాను వెనక్కి దాచుకుంది.

"లేదత్తయ్యా. ఉల్లిగడ్డల కోసం వెళ్లాను."

"ఉల్లిగడ్డలేవీ మరి?"

అర్గిరో కూజాను ఇంకాస్త వెనక్కి జరిపింది.

"పోనీ, కాళ్లెందుకు తడిగా ఉన్నాయి?"

కిందికి చూసుకుంది. నిజమే, మేజోళ్లు తడిసి పాదాలకు అంటుకుపోయాయి. నీళ్లు ఒలికి ఉంటాయిలే అనుకుంది.

ఎండాకాలమంతా ఆ కాగితంపూల తీగ మేడ మీదికి పాకి ఎర్రగా మండుతుంది. కొండల మధ్యనున్న ఫ్లోరినా ఊరి చలికి మాత్రం ఒక్క రాత్రి కూడా తట్టుకోలేదు. అందుకే చలి మొదలయ్యే ముందొచ్చే దిమిత్రి పండుగ దాటగానే ముసలమ్మ దాన్ని మోకాలెత్తుకు కత్తిరించి, తొట్టికి గోనె చుట్టి, చీకటి నేలమాళిగలో పెట్టించేది. మంచు కరిగేదాకా చుక్క నీరు పోయనిచ్చేది కాదు. "నిద్రపోయే తీగకు నీళ్లు విషం" అనేది. అప్పుడప్పుడూ దిగి, కాండాన్ని గోటితో గీకి చూసేది. తోలు కింద పచ్చగా కనిపిస్తే పైకొచ్చి, అర్గిరో ముఖంలోకి చూస్తూ, "బతికే ఉంది" అనేది. దెప్పినట్టే ఉండేది ఆ మాట.

రొట్టెల కొట్టు దగ్గర పొరుగింటి దొమ్నా ఓసారి నవ్వుతూ అంది: "మీ అత్త ప్రాణం ఆ తీగలోనే ఉందే పిల్లా! తొంభై దాటినా ఒక్క పన్ను ఊడిందా? ఆ తీగ చచ్చిందంటే తాళాలగుత్తి నీ నడుముకొస్తుంది."

దొమ్నా నవ్వులాటకే అంది. అర్గిరో నవ్వలేదు. ఆ తాళాలగుత్తి చప్పుడు వింటూనే ఆమె జుట్టు నెరిసింది. అప్పటినుంచి ముసలమ్మ చర్చికి వెళ్లగానే కూజా పట్టుకుని కిందికి దిగుతోంది.

అత్త అటు వెళ్లాక మేజోళ్లు మార్చింది. మళ్లీ తడిశాయి. కాళ్లు పొయ్యి దగ్గర చాపుకుని కూర్చుంది. ఆవిరి లేచిందే గాని తడి ఆరలేదు. ఆ వారంలోనే పాదాలు బరువెక్కాయి, తనవి కానట్టు.

ఆదివారం మధ్యాహ్నం కిందికి వెళ్లి కాండాన్ని గీకి చూసింది. నల్లగా ఉంది. ఇంకా కిందికి గీకింది. అక్కడా నలుపే. వేలు పెడితే మెత్తగా లోపలికి దిగిపోయింది. కుళ్లు వాసన ముక్కుకు కొట్టింది. అమ్మయ్య అనుకుంది.

గోడ పట్టుకుని మెట్టు మెట్టూ ఎక్కి వచ్చేసరికి ముసలమ్మ పొయ్యి పక్కన కూర్చుని అక్రోటు కాయలు పళ్లతో పటపటా పగలగొడుతోంది.

అర్గిరో గుమ్మంలోనే కూలబడింది. "నీ తీగ చచ్చిందత్తయ్యా" అంది, ఇంకేం అనాలో తెలియక.

పటపట ఆగిపోయింది.

"నా తీగా? నాది కాలిమ్నోస్‌లో మా పుట్టింటి గోడ మీదుందే. నేను పుట్టిననాడు మా అమ్మ నాటింది. ఆ దీవికి మంచు అంటే తెలీదు. ఈ ఏడూ విరగబూసిందట."

"మరి... కింద ఉన్నది?"

"మా దీవిలో ఆడపిల్ల పేరిట తీగ నాటుతాం. నీకెవరూ నాటలేదు కదాని, నీ పెళ్లినాడు నేనే నాటాను. నీ జడకొస కోసి వేరు కింద పెట్టాను." ముసలమ్మ గొంతు వణికింది. అర్గిరో ఆ గొంతు అలా వినడం అదే మొదటిసారి. "ఇన్ని చలికాలాలు కంటికి రెప్పలా కాచుకొచ్చానే! నీళ్లు పోశావా పిచ్చిదానా? గీకి చూశావా? అడుగుదాకా చూశావా?"

అర్గిరో తడి మేజోడు విప్పి, పిక్క మీద గోటితో మెల్లగా గీకింది.

తోలు కింద నల్లగా ఉంది.