నాలుగో బహుమతి

వరుసగా మూడో నెల కూడా ‘ఉత్తమ ఉపాధ్యాయిని’ బహుమతి పుష్పావతికే ఇచ్చారు.

మహదేవపురలోని ఆ ప్రైవేటు బడి మైదానంలో ప్రార్థన అప్పుడే ముగిసింది. ప్రిన్సిపాల్ అమరనాథ్ మైకు అందుకున్నాడు.

“పుష్పావతి మేడమ్ సాయంత్రం ఆరు దాకా ఉండి, వెనకబడిన పిల్లలకు సైన్సు చెప్తా ఉండారు. రేపట్నుంచి టీచర్లందరూ ఆరు దాకా ఉండాల. మేడమ్‌ను చూసి నేర్చుకోండి.”

స్టాఫ్‌రూమ్‌లో నళిని తన కుర్చీని అవతలి గోడ దగ్గరికి లాక్కుంది. తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్ళు.

“నేను అడగలేదే నళినీ,” అంది పుష్పావతి.

“అడక్కుండానే మూడుసార్లు వచ్చిందా అక్కా? ఇంట్లో నాకు చంటిబిడ్డ ఉండాది. నీ పుణ్యాన ఆరు దాకా ఈడే పడుండాల. మన సంఘం పెట్టినదానివే, నువ్వు ఎవరి పక్క ఉండావో తెలిసిపోయె.”

పుష్పావతి నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

“సార్, ఇంక నాకొద్దు. నళినికి ఇయ్యండి. నాకంటే బాగా చెప్తాది.”

“పని చూసి ఇస్తా ఉండాము మేడమ్. వద్దంటే ఎట్ల?” అని ఆయన నవ్వాడు.

మరుసటి నెలా ఆమెకే. ఈసారి గేటు దగ్గర ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు. మధ్యాహ్నానికల్లా ఎవరో ఆ ఫొటోకు మార్కర్‌తో కొమ్ములు గీశారు. ఆమె దిద్దిన పదో తరగతి పేపర్ల కట్ట స్టాఫ్‌రూమ్ చెత్తబుట్టలో కనిపించింది. పుష్పావతి వంగి, ఒక్కో పేపరూ తీసి, అంటిన సాంబారు చీర కొంగుతో తుడిచింది. ఒక్కరూ లేవలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు నళినిది.

శుక్రవారం పుష్పావతి రాజీనామా రాసిచ్చింది. సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడుస్తుంటే, వరండాలో నిలబడ్డ పీటీ మాస్టారు సురేశ్ అరిచాడు.

“చప్పట్లు కొట్టండప్పా, బెస్ట్ టీచర్ పోతా ఉండాది!”

టీచర్లంతా కొట్టారు. ఆమె తిరిగి చూడలేదు.

కిటికీలోంచి ఇదంతా చూసిన అమరనాథ్ తలుపు వేసి, బడి యజమాని శ్రీనివాసప్పకు ఫోన్ చేశాడు.

“పోయింది సార్! టీచర్ల సంఘం పెట్టిన మనిషిని మనం తీసేసింటే వీళ్ళంతా సమ్మెకు దిగేవాళ్ళు. నాలుగు బహుమతులు ఇచ్చేసరికి వీళ్ళే తరిమేసినారు.”